నిమ్మ ఆకు మీద పక్షిరెట్ట

సభాధ్యక్షులకు, నిర్వాహకులకు, సెలవు పూట నిద్ర మానుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించాలని ఉంది కానీ, ఇచ్చిన సమయం తక్కువ. అంశం ‘ఇంటి తోటలో మొక్కలు, పురుగులు, పక్షులు’ అన్నారు. మొక్కలతో మొదలుపెట్టి పక్షులతో ముగించడం పద్ధతి. అయితే ఒక్క మాట ముందుగా చెప్పకపోతే మిగతావి చెప్పి ప్రయోజనం లేదు.

మీ నిమ్మ మొక్క ఆకు మీద పక్షిరెట్ట లాంటిది కనబడితే, దయచేసి చిదిమెయ్యకండి.

అది రెట్ట కాదు. నల్లగా, గోధుమరంగుగా ఉండి, నడుమ తెల్లటి మచ్చ, కాస్త తడిగా మెరుస్తున్నట్టుండే ఆ ముక్క నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. రెట్టను ఏ పిట్టా తినదు కనుక రెట్ట వేషం వేసుకుని ఆకు మధ్యలో బాహాటంగా కూర్చుంటుంది. తల్లి సీతాకోకచిలుక మొక్క చుట్టూ తిరిగి, లేత చిగురును ముందు కాళ్లతో తట్టి చూస్తుంది. ఆ కాళ్లతోనే ఆకు రుచి పోల్చుకుంటుంది. పోలిక కుదిరితే పొట్ట వంచి ఒకే ఒక్క గుడ్డు అతికిస్తుంది. లేత పసుపు రంగు, ఆవగింజకన్నా చిన్నది. వెచ్చని రోజుల్లో మూడు నాలుగు రోజులకు పొదుగుతుంది. పిల్ల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. చివరి విడతలో రెట్ట వేషం వదిలేసి ఆకుపచ్చగా, నున్నగా, పక్కల ఏటవాలు పట్టీలతో, వేలి పొడవుకు కాస్త తక్కువగా తయారవుతుంది. అప్పుడు దాన్ని గడ్డిపరకతో తాకి చూడండి. తల వెనక నుంచి నారింజ ఛాయలో రెండు పాయల కొమ్ము బయటికి తన్నుకొస్తుంది. ఘాటైన వాసన కొడుతుంది. చీమల్ని, చిన్న శత్రువుల్ని తరమడానికి దానికున్న ఆయుధం అదే. మనకు ఏ హానీ లేదు. కుట్టదు, దురద పుట్టదు.

ఇక్కడున్న వాళ్లలో నిమ్మో, కరివేపాకో కుండీలో పెంచుతున్న వాళ్లు ఒక్కసారి చెయ్యెత్తండి. చూశారా, సగం మందికి పైనే ఉన్నారు. సీతాకోకచిలుకల కోసం పూల మొక్కలు కూడా పెంచుతున్న వాళ్లు చేతులు అలాగే ఉంచండి. ఉంచారు. ఒక కుండీలో సీతాకోకచిలుకకు విందు పెట్టి, పక్క కుండీలో దాని పిల్లల మీద మందు కొడుతున్నాం. అది కావాలి, దాని పురుగు వద్దు అంటే ఎలా కుదురుతుంది? రెండూ ఒకే ప్రాణి కదా!

‘ఆకులన్నీ తినేస్తుందండీ’ అంటారు. నిజమే, కాదనను. పది పదిహేను ఆకులున్న చిన్న మొక్కను రెండు పురుగులు వారంలో మోడు చేస్తాయి. అలాంటి మొక్కను కాపాడుకోవడంలో తప్పు లేదు. కానీ చంపి కాదు, మార్చి. పురుగును వేళ్లతో లాగితే కాళ్ల పట్టు తెగి దెబ్బ తింటుంది. అది కూర్చున్న ఆకును తొడిమతో సహా కత్తిరించి, నడుమెత్తు దాటిన వేరే నిమ్మ మీదో, కరివేపాకు మీదో ఆకుల మధ్య ఇరికించండి. కత్తిరించిన ఆకు వాడిపోయాక అదే కొత్త ఆకు మీదికి పాకుతుంది. ఏ మొక్క మీద పుట్టిందో ఆ జాతి మొక్క మీదికే మార్చాలి, లేదా కనీసం ఆ కుటుంబం మొక్క మీదికి. మందార మీద వదిలితే ఆకలితో చస్తుంది తప్ప ఆ ఆకు ముట్టదు. చర్మం విడవబోయే ముందు ఒక రోజంతా కదలకుండా ఉంటుంది. జబ్బు పడిందనుకుని కదిలించకండి. అప్పుడు కదిలిస్తేనే చస్తుంది. ఛాతీ ఎత్తు పెరిగిన నిమ్మ చెట్టయితే ఏమీ చెయ్యక్కర్లేదు. అయిదారు పురుగులు తిన్నా తరువాతి చిగురుతో ఆ లోటు పూడిపోతుంది.

మరి వేపనూనె? ఈ మాట మీద కాస్త ఆగాలి. ‘మేం రసాయనాలు వాడమండీ, వేపనూనే కొడతాం’ అని మంచి మనసుతోనే చెబుతారు. వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగు ఆకలిని చంపుతుంది, చర్మం విడవకుండా అడ్డుపడుతుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్లు కలిపి మొక్కంతా తడిపితే, పేనుబంకతో పాటు సీతాకోకచిలుక పిల్ల కూడా సగం ఊడిన చర్మంలో ఇరుక్కుని చనిపోతుంది. చెట్టు నుంచి వచ్చింది కనుక అది మనం అనుకున్న పురుగునే ఏరి చంపుతుందని నమ్మకండి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవితో చేసిన పొడి కూడా అంతే. గొంగళిపురుగుల మీదే పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. సీతాకోకచిలుక పిల్ల గొంగళిపురుగే కదా! కొట్టక తప్పదనుకుంటే ఏ కొమ్మకు తెగులుందో ఆ కొమ్మకే, సాయంత్రం తేనెటీగలు వెళ్లిపోయాక, ఆకులు తిప్పి గుడ్లు లేవని చూసుకుని కొట్టండి.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు ఇంకా లోతుకు వెళ్తాయి. వేరు నుంచి ఆకుకు, ఆకు నుంచి పువ్వులోని తేనెకు, పుప్పొడికి చేరతాయి. పైన కడిగితే పోవు. నర్సరీలో కొనేటప్పుడు ఈ మొక్కకు ఏ మందు పోశారు, ఎప్పుడు పోశారు అని అడగండి. జవాబు రాకపోతే విత్తనం నుంచో, తెలిసినవాళ్ల ఇంటి కొమ్మ నుంచో పెంచుకోవడం మేలు.

ఇక మొక్కల సంగతి. సీతాకోకచిలుకకు రెండు రకాల మొక్కలు కావాలి. పెద్దది తేనె తాగే పువ్వు ఒకటి, పిల్ల తినే ఆకు ఒకటి. మనం మొదటిది నాటి రెండోది మరిచిపోతాం. నిమ్మ, కరివేపాకు ఉంటే నిమ్మ సీతాకోకచిలుక వస్తుంది. నల్ల రెక్కల మీద తెల్ల చుక్కల వరస ఉండే ఇంకో జాతి కూడా ఆ ఆకుల మీదే పెరుగుతుంది. జిల్లేడు ఉంటే నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక వస్తుంది. జిల్లేడు కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా జాగ్రత్త, చూపుకే ప్రమాదం. ఆ పాలలోని విషాన్ని పిల్ల ఒంట్లో దాచుకుంటుంది. అందుకే నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో దాక్కోకుండా తిరుగుతుంది. ఒకసారి తిని కక్కుకున్న పిట్ట మళ్లీ దాని జోలికి పోదు.

పూలలో ముద్ద పూలకన్నా రేక పూలు ఎంచుకోండి. ముద్ద మందారంలో చాలా కేసరాలు రేకులుగా మారిపోయి ఉంటాయి. చూడటానికి నిండుగా ఉన్నా పుప్పొడి తక్కువ, తేనెకు దారి లేదు. రేక మందారం, తులసి, తుమ్మి, ఎవరూ నాటకుండా మొలిచే గడ్డిచామంతి... వీటి దగ్గర ఉదయం తొమ్మిదింటికి పావుగంట నిలబడండి చాలు. గడ్డిచామంతిని కలుపు అని పీకేసే ముందు ఒక మూల చాపంత జాగా దానికి వదిలెయ్యండి. పక్కనే అరచదరపు మీటరు మట్టిని ఏమీ కప్పకుండా, తవ్వకుండా ఉంచండి. ఒంటరి తేనెటీగల్లో ఎక్కువ జాతులు నేలలో బొరియలు చేసుకునేవే.

గులాబీ ఆకుల అంచుల్ని ఎవరో గాజు అంచుతో కోసినట్టు గుండ్రంగా కోసి ఉండటం చూశారా? దానికి మందు కొట్టకండి. అది ఆకు తినే పురుగు పని కాదు. ఆకుకోత తేనెటీగ పని. కోసిన ముక్కను ఏ బొంగులోకో, గోడ కన్నంలోకో మోసుకెళ్లి, గుండ్రంగా చుట్టి, లోపల పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూత వేస్తుంది. అంచు గుండ్రంగా, నున్నగా ఉంటే ఈ తేనెటీగ. ఆకు మధ్యలో వంకరటింకర కన్నాలైతే పురుగో మిడతో. వంకర తెల్ల గీతలైతే ఆకు లోపల తొలిచే పాముపొడ పురుగు. ఈ మూడూ పోల్చుకోవడం వచ్చిందంటే సగం పిచికారీలు ఆగిపోతాయి.

పేనుబంక దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. చిక్కుడు చిగురు నిండా పేనుబంక పడుతుంది. నాలుగు రోజులకు ఆ గుంపులో నల్లగా, మొసలి ఆకారంలో, నారింజ మచ్చలతో ఏదో పాకుతుంటుంది. కొత్త తెగులొచ్చిందని హడావిడిగా మందు తెస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల! పెద్దదై ఎగిరిపోయే లోపు వందలకొద్దీ పేనుబంకను తింటుంది. ఎర్రటి గుండ్రటి అక్షింతల పురుగు అందరికీ ముద్దే. దాని పిల్లను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. మళ్లీ అదే కథ, నిమ్మ కథే.

పిండినల్లి దగ్గర మోసం ఇంకా గట్టిది. తెల్లటి పిండినల్లి గుంపులో కాస్త పెద్ద తెల్లటి కుచ్చుల పురుగు ఒకటి ఉంటుంది. అది పిండినల్లి కాదు, దాన్నే తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పుల్లతో తాకితే పిండినల్లి బద్ధకంగా కదులుతుంది, ఇది చరచరా పాకుతుంది. ఆకు మీద సన్నటి తీగల చివర తెల్లటి చుక్కలు వేలాడుతుంటే బూజు కాదు, పేనుబంకను తినే అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లు. ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పేనుబంక మీద గుండ్రటి కన్నం కనబడితే, లోపల పెరిగిన బుల్లి కందిరీగ బయటికొచ్చిందని గుర్తు. ఇవి కనబడిన కొమ్మను పది రోజులు ముట్టుకోకండి. అప్పటికీ తగ్గకపోతే ఉదయం పూట నీళ్ల ధారతో కొట్టండి. ముఖ్యంగా చీమల్ని చూసుకోండి. పేనుబంక విడిచే తీపి జిగురు కోసం దానికి కాపలా కాసి, అక్షింతల పురుగుల్ని తరిమేది అవే. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద నిలబెట్టి, ఆకులు గోడకు ఆనకుండా చూస్తే చీమల దారి తెగుతుంది. ఆ నీళ్లు మూడు రోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు.

ఒక లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో జెన్నిఫర్ ఓవెన్ అనే జంతుశాస్త్రవేత్త తన ఇంటి తోటలో కనిపించిన ప్రాణుల్ని 1972 నుంచి ముప్పై ఏళ్ల పాటు నమోదు చేశారు. మొత్తం 2,673 జాతులు. మొక్కలు 474, కీటకాలు 1,997, వెన్నెముక లేని ఇతర జీవులు 138, వెన్నెముక ఉన్నవి 64. మరోసారి చెబుతాను. కీటకాలు 1,997, పక్షులూ జంతువులూ అన్నీ కలిపి 64. తోటలో ప్రాణులేమున్నాయని అడిగితే మనం చెప్పేది ఆ 64లోవే. మిగతావాటికి మనం పెట్టిన పేరు ‘పురుగు’.

పక్షుల దగ్గరికి వచ్చినా ఆ పురుగే. ఉత్తర అమెరికాలో చికడీ అనే చిన్న పిట్ట ఒక విడత పిల్లల్ని ఎగిరేదాకా సాకడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగుల్ని మోసుకొస్తుందని కీటక శాస్త్రజ్ఞుడు డగ్లస్ టాలమీ చెబుతారు. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది పురుగులే. గింజల గిన్నె వేలాడదీసి ఆకుల మీద మందు కొడితే పెద్ద పిట్టలు వచ్చి తిని పోతాయి, గూడు మాత్రం కట్టవు.

నీళ్ల పళ్లెం పెట్టేవాళ్లకు నాలుగు మాటలు. లోతు రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్లు చాలు. నున్నటి పింగాణీ జారుతుంది, గరుకు మట్టి మూకుడు మంచిది. నడుమ ఒక రాయి పెడితే తేనెటీగలు మునగకుండా వాలుతాయి. పొదకు రెండు మూడు మీటర్ల ఎడంగా పెట్టండి, పిల్లి పొంచి దూకకుండా. రెండు రోజులకోసారి సబ్బు లేకుండా పీచుతో రుద్ది నీళ్లు మార్చండి. మార్చకపోతే దోమలే కాదు, ఒక పిట్ట రోగం పది పిట్టలకు అంటుతుంది.

కొమ్మలు కత్తిరించే ముందు రెండు ఆకులు కలిపి కుట్టినట్టు ఉన్నాయేమో, సాలెగూటి పోగులతో అల్లిన సంచీ వేలాడుతోందేమో చూడండి. మొదటిది దర్జీపిట్ట గూడు, రెండోది తేనెపిట్టది. ఉంటే ఒక నెల ఆ కొమ్మ జోలికి వెళ్లకండి. కింద పడిన పిల్లకు ఈకలు వచ్చి ఉంటే అక్కడే, పిల్లికి అందని కొమ్మ మీద ఉంచండి, తల్లి దగ్గరలోనే ఉంటుంది. ఈకలు లేని పిల్లనైతే తిరిగి గూట్లో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రాలిన ఆకులు, రోకలిబండ పురుగులు, రాత్రి దీపాలకు వచ్చే చిమ్మటలు చెప్పనేలేదు. రెండు నిమిషాలివ్వండి, మొదలుపెట్టిన నిమ్మ పురుగును మధ్యలో వదిలెయ్యలేను.

ఆకుపచ్చ పురుగు తినడం మానేసి, పొట్ట ఖాళీ చేసుకుని, మొక్క దిగి తిరుగుతుంటే పారిపోతోందనుకోకండి, ప్యూపా, అంటే డొప్పలో కదలకుండా ఉండి సీతాకోకచిలుకగా మారే దశ, కావడానికి చోటు వెతుక్కుంటోంది. ఏ కొమ్మకో తోక అతికించి, నడుముకు ఒక పట్టుదారం చుట్టుకుని ఒరిగి ఉంటుంది. మర్నాటికి ప్యూపా. ఆకుల మధ్య పచ్చగానో, ఎండు కొమ్మ మీద గోధుమరంగులోనో ఉంటుంది. వారం నుంచి రెండు వారాలు తాకకండి, దాని మీద నీళ్లు కొట్టకండి. ఒక రోజు నల్లబడి లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తాయి. మర్నాడు తెల్లవారగానే కుర్చీ వేసుకుని కూర్చోండి. బయటికొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు నలిగిన గుడ్డలా ఉంటాయి. వాటిలోకి రక్తం ఎక్కి, ఆరి, గట్టిపడటానికి గంటా రెండు గంటలు పడుతుంది. సాయం చేద్దామని వేలు పెడితే రెక్క వంకర పోతుంది, ఇక ఎగరలేదు.

చీలిన ఖాళీ డొప్ప మిగిలితే అది ఎగిరిపోయిందని అర్థం. చీలిక లేకుండా ప్యూపాకు గుండ్రటి చిన్న కన్నం పడి ఉంటే, సీతాకోకచిలుక రాదు, బుల్లి కందిరీగలు పెరిగి వెళ్లాయి. బాధపడి ఏ మందూ తేవద్దు. అవీ మీ తోటలో పుట్టినవే, తేదీ వేసి రాసుకోండి.