మోగి ఆగిపోయే బోటు అలారం: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో బోట్ల గురించి మాట్లాడుకుందాం. సరదాకీ, టూరిస్టులకీ తిప్పే చిన్న బోట్లలో ఇంజిన్ అలారం ఉన్నట్టుండి మోగుతుంది, కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఏం చూసుకోవాలి? చాలా ఏళ్లుగా, బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్లు బాగుచేస్తున్న మేస్త్రి గారు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ విజయవాడ నుంచి. హలో, చెప్పండి.

విజయవాడ కాలర్: నమస్తే అండీ. మాకు చిన్న ఫైబర్ బోటుంది. కృష్ణలో భవానీ ద్వీపం వైపు వెళ్తుంటే మధ్యలో కీచుమని అలారం మోగుతోంది. ఇంజిన్ ఆపి రెండు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మళ్లీ ఏమీ ఉండదు. మామూలుగా ఇంటికొచ్చేస్తున్నాం.

మేస్త్రి: ఇంజిన్ పక్క నుంచి నీళ్ల ధార పడుతుంది చూడండి, అలారం మోగినప్పుడు అది పడుతోందా?

విజయవాడ కాలర్: అది గమనించలేదండీ.

మేస్త్రి: అదే గమనించాలి. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు లోపల తిరుగుతున్నాయా లేదా అని చెప్పేది ఆ ధారే. మీరు చెప్పేదాన్ని బట్టి పాలిథిన్ కవరో, గుర్రపుడెక్క వేరో కింద నీళ్లు పీల్చుకునే జాలీకి అతుక్కుంటోంది. ఇంజిన్ ఆపగానే పీల్చడం ఆగిపోతుంది కాబట్టి కవరు జారిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఈసారి మోగితే స్పీడు తగ్గించి, ఒడ్డు పక్కకి వచ్చి ఇంజిన్ ఆపండి. తర్వాత ఇంజిన్‌ని పైకెత్తి జాలీ చూడండి. లోపలికి నీళ్లు తోసే పంపులోని రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, కూడా ఒకసారి విప్పించండి. అది రబ్బరు, నీళ్లు అందకపోతే కొన్ని సెకన్లలోనే మాడుతుంది. ఇప్పటికి ఎన్నిసార్లు మోగింది?

విజయవాడ కాలర్: నాలుగైదు సార్లండీ.

మేస్త్రి: అయితే ఇంపెల్లర్ మార్చేయండి.

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాతి కాల్ కోనసీమ, దిండి నుంచి. హలో? రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

దిండి కాలర్: తగ్గించానండీ. వినపడుతోందాండీ? మేస్త్రి గారికి నమస్కారం. మాకు ఇక్కడ కొబ్బరి తోటలో రెండు గదులున్నాయండీ, గెస్టులకిస్తాం. వాళ్లని సాయంత్రం పూట గోదావరిలో తిప్పడానికి మూడేళ్ల కిందట ఒక బోటు కొన్నాం. సెకండ్ హ్యాండ్‌దేనండీ, కేరళ నుంచి తెప్పించాం. 40 హార్స్‌పవర్ ఇంజిను, ఫోర్ స్ట్రోక్. తెచ్చినప్పుడు చాలా బాగుండేది. మా బావమరిది నడిపేవాడు, అతను ఇప్పుడు హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఇప్పుడు నేనూ మా అబ్బాయే చూసుకుంటున్నాం...

మేస్త్రి: అలారం సంగతి చెప్పండి.

దిండి కాలర్: ఆయ్, అక్కడికే వస్తున్నానండీ. గత సంవత్సరం వేసవిలో ఒకసారి మోగిందండీ. మెకానిక్‌ని పిలిస్తే ఇంపెల్లర్ మార్చాడు. మూడు నెలలు బాగుంది, మళ్లీ మోగింది. ఈసారి వేరే అతన్ని పిలిచాం. ఆయన నీళ్ల దారులన్నీ కడిగాడు. అయినా మోగుతోంది. రోజూ కాదండీ, ఒక్కో రోజు అసలు మోగదు. గెస్టులు ఉన్నప్పుడే మోగుతుంది, ఏంటో! పిల్లలు భయపడిపోతున్నారు, నాకూ టెన్షన్. అందుకని నేను అడిగేదేంటంటే, ఆ బజర్‌కి వెళ్లే వైరు ఒకటుంటుంది కదండీ, అది పీకేస్తే ఏమైనా అవుతుందా?

మేస్త్రి: పీకొద్దు. ఇంజిన్‌కి నోరు లేదు, ఆ బజరే దాని నోరు. మీకు డాష్ మీద లైట్లుంటాయి. మోగినప్పుడు ఏ లైటు వెలిగింది?

దిండి కాలర్: ఎర్ర లైటండీ.

మేస్త్రి: ఎర్ర లైటే, దాని మీద బొమ్మ ఏముంది? థర్మామీటర్ బొమ్మా, నూనె డబ్బా బొమ్మా?

దిండి కాలర్: ఒక్క నిమిషమండీ... ఒరేయ్, ఇలా రారా... ఆ లైటు మీద ఏం బొమ్మరా? ... నూనె డబ్బాలాగా ఉంటుందట, కింద చుక్క పడుతున్నట్టు.

మేస్త్రి: చూశారా! అది వేడి అలారం కాదు, ఆయిల్ ప్రెషర్ అలారం. ఇద్దరు మెకానిక్‌లు వచ్చి నీళ్ల వైపు పనిచేసి వెళ్లారు, రోగం నూనె వైపు ఉంది. వాళ్లని తప్పుపట్టను. మోగుతోందని మీరు చెప్పారు గానీ ఏ లైటో చెప్పలేదు. శ్రోతలందరికీ చెబుతున్నాను, అలారం మోగగానే ముందు ఏ లైటు వెలిగిందో చూడండి. వీలైతే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సరే, ఎప్పుడు మోగుతుంది? స్పీడ్‌లో వెళ్తున్నప్పుడా, నెమ్మదిగా వెళ్తున్నప్పుడా?

దిండి కాలర్: రేవుకి వచ్చేటప్పుడండీ ఎక్కువ. గంటసేపు తిప్పి వచ్చి, స్పీడు తగ్గించి మెట్ల దగ్గరికి చేరుస్తాం కదా, అప్పుడు. కొంచెం రేజ్ చేస్తే ఆగిపోతుంది.

మేస్త్రి: పొద్దున స్టార్ట్ చేసినప్పుడు?

దిండి కాలర్: కీ తిప్పగానే ఒక్కసారి కుయ్‌మంటుంది, అంతేనండీ.

మేస్త్రి: అది చాలా ఇంజిన్లలో బజర్ బాగుందో లేదో చూసుకునే టెస్ట్. దాని గురించి కంగారు అక్కర్లేదు. ఇప్పుడు గంట తిరిగాక, నూనె వేడెక్కి, స్లోలో ఉన్నప్పుడు మోగుతోంది, రేజ్ చేస్తే ఆగుతోంది. అంటే వేడి మీద నూనె పలచబడి, నూనె పంపు నెమ్మదిగా తిరిగినప్పుడు ప్రెషర్ నిలబడటం లేదు. ఏ నూనె పోస్తున్నారు?

దిండి కాలర్: మంచిదేనండీ. ఆయిల్ విషయంలో మాకు ఏ ఇబ్బందీ లేదు. వేరే బోట్లు తాగేస్తాయి, మాది ఒక్క చుక్క తగ్గదండీ. ఇంకా చెప్పాలంటే నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే కొంచెం పెరిగినట్టే ఉంటుంది.

మేస్త్రి: ఆగండి. పెరిగిందా?

దిండి కాలర్: ఆయ్. గీత మీదకి వచ్చింది. మేము కూడా అనుకున్నాం, బలే ఇంజినని.

మేస్త్రి: నూనె తనంతట తాను పెరగదండీ. పెరిగిందంటే అందులోకి ఏదో చేరుతోంది. నీళ్లైతే పాలలాగా తెల్లబడుతుంది. తెల్లగా ఉందా?

దిండి కాలర్: లేదండీ, నల్లగానే, పలచగా ఉంటుంది.

మేస్త్రి: అయితే పెట్రోలు. పిస్టన్ రింగులు దాటి పెట్రోలు కిందికి దిగి నూనెలో కలుస్తోంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఇది కొత్త సంగతి కాదు. ఎక్కువసేపు స్లోలో తిప్పినా, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోయినా జరుగుతుంది. మీరు గెస్టుల్ని స్లోలోనే తిప్పుతారు కదా. ఇంకో మాట అడుగుతాను, థర్మోస్టాట్ ఉందా?

దిండి కాలర్: అదేంటండీ?

మేస్త్రి: నీళ్ల దారిలో చిన్న కవాటం. ఇంజిన్ వేడెక్కేదాకా మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకుంటుంది.

దిండి కాలర్: ఓ, అదా! మొదటి మెకానిక్ తీసేశాడండీ దాన్ని. వేడెక్కకుండా ఉంటుందని, ఇక అలారం రాదని చెప్పాడు. డబ్బాలో ఉంది ఇంకా.

మేస్త్రి: అయ్యో. అదండీ కథ. ఇంజిన్ చల్లగా ఉండటం మంచిదనుకుంటారు. అది తప్పు. అవసరమైనంత వేడి లేకపోతే పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, సిలిండర్ గోడల మీద నిలిచి కిందికి దిగుతుంది. నూనెలో కలిసింది కూడా ఎగిరిపోదు. ఒకదాని కోసం తీసేసిన ముక్క ఇంకోదాన్ని పాడుచేస్తోంది. పలచబడిన నూనెతో బేరింగులు అరిగితే ఆ ఇంజిన్ కట్టించడానికి ఎంతవుతుందో మీకు తెలుసు.

దిండి కాలర్: అవునండీ... మరి అప్పటిదాకా ఆ బజర్ వైరు...

మేస్త్రి: పీకొద్దన్నాను కదండీ! ఆ బజరే మీ ఇంజిన్‌ని ఇన్నాళ్లు కాపాడుతోంది. వినండి, కాగితం తీసుకోండి. ఇంజిన్ నిటారుగా ఉంచి, ఆపి, కొన్ని నిమిషాలాగి పుల్ల చూడండి. పైకి ఎత్తి ఉంచి చూస్తే లెక్క తప్పుతుంది. వాసన చూడండి, పెట్రోలు తెలిసిపోతుంది. ఉంటే ఇంజిన్ కొంచెం వెచ్చగా ఉండగా నూనె మొత్తం దించేయండి, ఫిల్టర్ కూడా మార్చండి. బైకుది, ట్రాక్టరుది వద్దు. బోటు ఫోర్ స్ట్రోక్‌కి వాడే నూనె, డబ్బా మీద ఎఫ్.సి.-డబ్ల్యూ అని ఉంటుంది. నూనె చిక్కదనం మీ ఇంజిన్ పుస్తకంలో 10డబ్ల్యూ-30 అంటే అదే, 10డబ్ల్యూ-40 అంటే అదే. గీత దాటి పోయకండి. థర్మోస్టాట్ కొత్తది వేయించండి. పాతది పెట్టాలనుకుంటే దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి కాచండి. చాలావరకు 60 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే పారేయండి.

దిండి కాలర్: ఇవన్నీ చేశాక కూడా మోగితే?

మేస్త్రి: మంచి ప్రశ్న. అప్పుడు ప్రెషర్ స్విచ్ విప్పి, దాని స్థానంలో గేజి బిగించి, ఇంజిన్ వేడి మీద స్లోలో ఎంత చూపిస్తుందో పుస్తకంతో పోల్చాలి. ప్రెషర్ బాగుంటే స్విచ్‌దో వైరుదో తప్పు. చాలా ఇంజిన్లలో ఆ స్విచ్ ప్రెషర్ పడిపోగానే వైరుని ఇంజిన్ బాడీకి కలుపుతుంది, అందుకే బజర్ మోగుతుంది. ఆ వైరు పైతొడుగు ఎక్కడైనా అరిగి ఇనుముకి తగిలినా అలాగే మోగుతుంది. కానీ గేజితో కొలవకుండా "స్విచ్ పోయింది" అనే మాట నమ్మొద్దు. స్విచ్ మారిస్తే పోతుందని మార్చేసి, తర్వాత ఇంజిన్ పట్టేసి వచ్చిన వాళ్లని చూశాను.

దిండి కాలర్: చాలా థాంక్సండీ. మా అబ్బాయి ఇప్పుడే రేవు దగ్గరికి వెళ్తానంటున్నాడు.

యాంకర్: మంచిదండీ. విశాఖపట్నం నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

విశాఖ కాలర్: నమస్తే. రుషికొండ దగ్గర బోటు తిప్పుతాం. అల గట్టిగా కొట్టినప్పుడు మాత్రం ఒక్క క్షణం మోగి ఆగిపోతుంది. నీళ్ల ధార బాగుంది, నూనె బాగుంది.

మేస్త్రి: కుదుపుకి మోగితే ముందు వైర్లు చూడాలి. ఉప్పునీళ్లలో కనెక్టర్ల లోపల పచ్చగా చిలుము పడుతుంది. రేవులో కట్టి, ఇంజిన్ స్లోలో పెట్టి, తిరిగే భాగాలకి చెయ్యి దూరంగా ఉంచి, వైర్ల కట్ట ఒక్కో చోట మెల్లగా కదపండి. ఎక్కడ కదిపితే మోగుతుందో అక్కడే ఉంది. బ్యాటరీ టెర్మినల్స్ కూడా బిగించండి. రోజూ మంచినీళ్లతో ఇంజిన్ లోపల కడుగుతున్నారా?

విశాఖ కాలర్: వారానికోసారి...

మేస్త్రి: రోజూ. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు కడగండి. ఉప్పు పేరుకుంటే ఈ రోజు కుదుపుకి మోగేది రేపు వేడికి మోగుతుంది.

విశాఖ కాలర్: ఇంకోటి అడగాలండీ, లోపలికి వెళ్లినప్పుడు...

యాంకర్: క్షమించండి, సమయం తక్కువ ఉంది. అమెరికా, డాలస్ నుంచి వాట్సాప్ కాల్ ఉంది.

డాలస్ కాలర్: నమస్కారం. మా వీకెండ్ బోటు, లూయిస్‌విల్ లేక్‌లో. ఇంజిన్ లోపల, డ్రైవ్ వెనక ఉండే రకం. మాటిమాటికీ బీప్ వస్తోంది, ఆయిల్, టెంపరేచర్ గేజ్‌లు నార్మల్.

మేస్త్రి: స్టెర్న్ డ్రైవ్. లోపల ఇంజిన్ పక్కన చిన్న ప్లాస్టిక్ సీసాలో గేర్ ఆయిల్ ఉంటుంది చూడండి. చాలా మోడళ్లలో అది తగ్గినా హారన్ మోగుతుంది, గేజ్‌లో ఏమీ కనబడదు. సీసాలో లెవెల్ తగ్గిందా?

డాలస్ కాలర్: చూడలేదు.

మేస్త్రి: చూడండి. తగ్గితే నింపి ఊరుకోకండి, అది ఎక్కడికో పోతోంది. తెల్లగా ఉంటే డ్రైవ్‌లోకి నీళ్లు వచ్చాయి, సీళ్లు చూపించాలి.

డాలస్ కాలర్: థాంక్యూ.

యాంకర్: మేస్త్రి గారూ, నీళ్ల మధ్యలో ఉన్నప్పుడు అలారం మోగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలా?

మేస్త్రి: చెరువైతే ఆపొచ్చు. నదిలో వడి ఉంటే గబుక్కున ఆపితే బోటు నీ చేతిలో ఉండదు, నది చేతిలో ఉంటుంది. ముందు స్పీడు తగ్గించాలి, ఒడ్డు వైపు తిప్పాలి, లంగరు వేసి అప్పుడు ఆపాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరి వరద మీద ఉంది. అది అలారం వల్ల జరిగింది కాదు. కానీ వడిలో బోటుకి ఇంజిన్ అదుపు ఎంత అవసరమో ఆ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లంగరు తాడు చిక్కుపడి ముందు పెట్టెలో అడుగున ఉంటే ఉన్నా లేనట్టే. లైఫ్ జాకెట్లు సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

యాంకర్: దిండి వారు మళ్లీ లైన్లోకి వచ్చారు. త్వరగా చెప్పండి.

దిండి కాలర్: అండీ, మా అబ్బాయి పుల్ల తీసుకొచ్చాడండీ. వాసన చూశాను. పెట్రోలేనండీ.

మేస్త్రి: అనుకున్నదే. ఇక స్టార్ట్ చేయొద్దు.

దిండి కాలర్: కానీ రేపు సాయంత్రం గెస్టులున్నారండీ, భీమవరం నుంచి వస్తున్నారు. ఒక్క ట్రిప్, అరగంట. ఆ ఒక్కసారికి...

మేస్త్రి: వద్దండీ. ఎంతమంది వస్తున్నారు?

దిండి కాలర్: ఆరుగురు. ఇద్దరు చిన్నపిల్లలు.

మేస్త్రి: పక్కన ఎవరిదైనా బోటు దొరుకుతుంది కదా, రేపటికి అది అడగండి. మీ బోటుకి నూనె, ఫిల్టర్, థర్మోస్టాట్ మార్చాక ముందు మీరూ మీ అబ్బాయే ఒక గంట తిప్పి, స్లోలో పెట్టి చూడండి. మోగకపోతే అప్పుడు పిల్లల్ని ఎక్కించండి.

దిండి కాలర్: సరేనండీ. మా పెదనాన్న గారి అబ్బాయిది ఉంది. అడుగుతాను.

యాంకర్: ధన్యవాదాలండీ. మేస్త్రి గారికి కూడా. వచ్చే వారం ఇదే సమయానికి.