చౌరీచౌరా కోర్టు కాగితాల్లో ఏముంది, ఏం లేదు?

[తెరపై: గోరఖ్‌పూర్ జిల్లా పటం, చౌరీచౌరా రైల్వే స్టేషన్]

నమస్కారం. 1923 జనవరి 9న గోరఖ్‌పూర్ సెషన్స్ కోర్టు చౌరీచౌరా కేసులో 172 మందికి ఉరిశిక్ష విధించింది. నాలుగు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 30న, అదే సాక్ష్యాన్ని మళ్లీ పరిశీలించిన అలహాబాద్ హైకోర్టు 19 మందికి మాత్రమే ఉరిని ఖాయం చేసి, 38 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఈ కేసు కాగితాలను చరిత్రకు ఆధారంగా తీసుకునేవారు ముందుగా ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని మనసులో పెట్టుకోవాలి.

[తెరపై: 172, పక్కనే 19]

1922 ఫిబ్రవరి 4న సహాయ నిరాకరణ ఉద్యమ వాలంటీర్లు దగ్గరలోని డుమ్రీ గ్రామంలో గుమికూడి ఊరేగింపుగా బయలుదేరారు. చౌరీచౌరా ఠాణా దగ్గర పోలీసులు కాల్పులు జరపగా ఊరేగింపులోని కొందరు మరణించారు. ఆగ్రహించిన గుంపు ఠాణాకు నిప్పు పెట్టింది, ఇరవైమందికి పైగా పోలీసులు చనిపోయారు. ఆ తరువాత గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేయడం మనందరికీ తెలిసిందే.

225 మందిని బోనెక్కించిన ప్రాసిక్యూషన్‌కు, ఎవరు ఎవరిని చంపారో ఒక్కొక్కరి మీద విడివిడిగా రుజువు చేయడం సాధ్యం కాదు. అందుకు అప్పటి భారత శిక్షాస్మృతిలోని 149వ సెక్షన్ అక్కరకు వచ్చింది. చట్టవిరుద్ధమైన గుంపు ఒకే ఉద్దేశంతో చేసిన నేరానికి ఆ గుంపులోని ప్రతి మనిషీ బాధ్యుడేనని ఆ సెక్షన్ చెప్పేది. ఉమ్మడి ఉద్దేశం ముందే ఉన్నదని చూపాలంటే డుమ్రీ సమావేశానికి ఎవరెవరు వచ్చారో, అక్కడ ఏ ప్రమాణం చేశారో రాబట్టాలి. ఒక పల్లె సమావేశం గురించి ఇంత వివరం మనకు దక్కడానికి కారణం చరిత్ర మీద ప్రేమ కాదు, ఆ సెక్షన్ అవసరం.

[తెరపై: వాంగ్మూలం కాగితం నమూనా]

ఆ వివరంలో ఎక్కువ భాగం అప్రూవర్‌గా, అంటే క్షమాభిక్ష కోసం ప్రాసిక్యూషన్ సాక్షిగా మారిన ముద్దాయిగా, నిలిచిన మీర్ షికారి నోటి నుంచి వచ్చింది. అతనూ వాలంటీరే. తెలిసినదంతా దాచకుండా చెబితేనే అప్రూవర్‌కు క్షమాభిక్ష, ఏదైనా దాచాడని తేలితే తానే మళ్లీ ముద్దాయి కావాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషి చెప్పిన మాట కనుక అదంతా అబద్ధమని తోసివేయలేము, పూర్తిగా నమ్మనూ లేము. నా ఉద్దేశంలో అతను చెప్పిన పేర్ల కంటే, పేర్లతో పనిలేని చోట్ల దొర్లిన మాటలను ఎక్కువ నమ్మవచ్చు. ఎవరి ఇంటి దగ్గర కలిశారు, ఎటు నుంచి నడిచారు వంటి సంగతుల్లో అతనికి కల్పించి చెప్పవలసిన అవసరం తక్కువ. నేరంలో పాలుపంచుకున్నవాడి సాక్ష్యాన్ని మరొక ఆధారం బలపరచాలన్న జాగ్రత్త అప్పటి భారత సాక్ష్య చట్టంలోనే ఉండేది. ముద్దాయిల తరఫున మదన్ మోహన్ మాలవీయ వాదించిన అప్పీలులో ఎందరి మెడో నిలిచింది ఆ జాగ్రత్త వల్లనే.

ఇక లేనిదాని సంగతి. ఠాణాను ఎవరు తగలబెట్టారన్నది ఈ కేసు ప్రశ్న, కాల్పుల్లో ఎవరు, ఎందుకు చనిపోయారన్నది దానికి ప్రధాన ప్రశ్న కాదు. గుంపు మొత్తం ముద్దాయిగా నిలిచినచోట, చనిపోయిన వాలంటీరు ఘటనల క్రమంలో ఒక వాక్యంగా మిగిలిపోతాడు.

[తెరపై: ముండేరా బజారు గుర్తు]

అయితే ఒక దెబ్బ మాత్రం కాగితంలోకి వచ్చింది. ఘటనకు కొద్దిరోజుల ముందు ముండేరా బజారులో పికెటింగ్ చేస్తున్న వాలంటీర్లను దారోగా (ఠాణా పోలీసు అధికారి) గుప్తేశ్వర్ సింగ్ కొట్టాడు, వారిలో మాజీ సైనికుడు భగవాన్ అహీర్ ఉన్నాడు. ఆ దెబ్బలను గురించి విచారించడానికి ఏ కోర్టూ కూర్చోలేదు. ఠాణా మీదికి గుంపు ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఒక కారణం కావలసి వచ్చినందువల్లనే, భగవాన్ అహీర్ మీద జరిగిన దౌర్జన్యం అతన్ని ఉరికంబం ఎక్కించిన కేసులోనే నమోదైంది.