ఆగినట్టా, ఆగనట్టా?

అక్క: నమస్కారం. ఈ వారం విషయం, పిల్లాపాపలతో దూరప్రయాణం చేస్తే ఎక్కడెక్కడ ఆగాలి అని.

తమ్ముడు: ఎక్కడ ఆగినా ముందు టైర్లలో గాలి చూసుకోవాలి.

అక్క: వచ్చేసింది గాలి!

తమ్ముడు: తప్పేముంది?

అక్క: వంద కిలోమీటర్లు తిరిగిన టైరు వేడెక్కి ఉంటుంది, పీడనం పెరుగుతుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. బండి కనీసం 3 గంటలు కదలకుండా ఉన్నాక, బయలుదేరే ముందు చూడాలి. మొన్న నువ్వేం చేశావు?

తమ్ముడు: కొంచెమే తీశాను.

అక్క: నాలుగింటికీ కొంచెం! అరగంట ఆగాం, పిల్లలు నేల మీద కాలు పెట్టలేదు. అది ఆగడమా?

తమ్ముడు: మరి ఎలా ఆగాలో నువ్వే చెప్పు.

అక్క: 2 గంటలకోసారి, 15 నిమిషాలు. చిన్నవాడికి వాంతి వచ్చేది ఫోను చూసేటప్పుడే, గమనించావా? కదలడం లేదని కళ్లు, కదులుతున్నామని లోపలి చెవి. ఆ తగువు కడుపు మీద పడుతుంది. దింపి నాలుగడుగులు వేయిస్తే చాలు, కోటలూ జలపాతాలూ అక్కర్లేదు. రైలు గేటు దగ్గర ఎంత సంబరపడ్డాడు! గూడ్సు బండి వెళ్తుంటే వేలు ఊపుతూ 43 పెట్టెలు లెక్కపెట్టాడు.

తమ్ముడు: 44. నాన్నయితే గేటు పడితే తప్ప ఆగేవారే కాదు.

అక్క: అవును. రాత్రంతా అమ్మ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. నాకు విసుగొచ్చేది. ఆయనకు కునుకు పట్టకూడదనే అలా అడిగేదని తర్వాతెప్పుడో తెలిసింది.

తమ్ముడు: గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే బండి 66 మీటర్లకు పైనే వెళ్లిపోతుంది.

అక్క: ...అమ్మకు ఆ లెక్క తెలియదు.

తమ్ముడు: నిద్ర వస్తే పక్కకు ఆపి 20 నిమిషాలు పడుకోవడమే. ఆ తెల్లవారుజామున నేను ఆపాను కదా.

అక్క: ఆపి, టార్చి వేసుకుని టైర్లు చూశావు.

తమ్ముడు: గాలి తీయలేదుగా!

అక్క: పెట్రోలు, మరుగుదొడ్డి ఒకేచోట ఉండేలా చూసుకోండి, మ్యాపు ముందే ఫోనులోకి దింపుకోండి. ఇవి చెబుదామనే కూర్చున్నాం. అన్నట్టు, 43.

తమ్ముడు: చివరి గార్డు పెట్టెను వదిలేశాడు.

అక్క: అది సరుకు పెట్టె కాదు.

తమ్ముడు: చక్రాలు ఉన్నాయి కదా?

అక్క: ఇప్పుడు వాటిలో గాలి కూడా చూస్తావా?