కెమెరా చేతికి రాకముందు

ఇక్కడున్న చాలామంది మొదటి షార్ట్ ఫిల్మ్ పనిలో ఉన్నారు. ఇందాక మీలో కొందరు, "రోజూ సలహాల వీడియోలు చూస్తున్నాం సర్, అయినా కథ ముందుకు కదలట్లేదు" అన్నారు. లెన్సుల గురించి, లైటింగ్ గురించి పదిమంది చెప్పింది వింటే టెన్షన్ పెరుగుతుంది. కథ మాత్రం అక్కడే ఉంటుంది.

ఒక్క మంచి చిన్న సినిమా తీసుకుని దాన్నే పట్టుకుని కూర్చోండి. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'టూ' ఉంది. నిడివి పావుగంటకు అటూ ఇటూ, అందులో ఒక్క మాట కూడా లేదు. మేడ కిటికీలో కలవారి పిల్లవాడు, కింద గుడిసె దగ్గర పేద పిల్లవాడు. కిందివాడు పిల్లనగ్రోవి ఊదితే పైవాడు బొమ్మ బాకా ఊదుతాడు. కిందివాడు గాలిపటం ఎగరేస్తే పైవాడు బొమ్మ తుపాకీతో దాన్ని కొడతాడు. పిల్లల ఆటే, కానీ చూస్తుంటే మనసు బరువెక్కుతుంది.

మొదటిసారి ఊరికే చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. మూడోసారి కళ్లు మూసుకుని వినండి. ఆ తర్వాత ప్రతి కట్ దగ్గరా, అంటే ఒక షాట్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోటల్లా ఆపి, ఎవరు కనిపిస్తున్నారు, ఎంత దూరం నుంచి, ఎన్ని సెకన్లు అని నోట్‌బుక్‌లో రాయండి. విసుగు పుట్టించే పనే. కానీ రాస్తూ పోతే కెమెరా ఎప్పుడు కిటికీలోంచి కిందికి, ఎప్పుడు కిందనుంచి కిటికీ వైపు చూస్తోందో, ఎందుకో మీకే తెలుస్తుంది.

నిడివి చాలదని బెంగ వద్దు. సినిమా పుట్టిన తొలి రోజుల్లో, 1895లో, ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరులు తీసిన తోటమాలి సినిమా నిమిషం కూడా లేదు. కుర్రాడు పైపు తొక్కుతాడు, నీళ్లు ఆగుతాయి, తోటమాలి పైపులోకి తొంగిచూస్తాడు, కుర్రాడు కాలు తీస్తాడు. కథ మొత్తం అందులోనే ఉంది.

ఇప్పటికే సినిమా తీసినవాళ్లను కలిస్తే "ఎలా తీయాలి" అని అడగకండి. "ఏ సీన్ తీసేశారు, ఎందుకు?" అని అడగండి. చాలామంది సౌండ్ గురించే చెప్తారు. నా మొదటి సినిమాలో అన్నిటికన్నా ముఖ్యమైన సీన్ ఫ్యాన్ చప్పుడు వల్ల పోయింది. దృశ్యం బాగుంది, మాట వినబడలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అందుకే లొకేషన్‌కు ముందే వెళ్లండి, షూటింగ్ చేసే వేళకే వెళ్లండి. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడి ఏమేం వినిపిస్తున్నాయో రాసుకోండి. షూటింగ్ రోజున అందరినీ కదలకుండా ఉండమని, ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే చప్పుడు 30 సెకన్లు రికార్డ్ చేయండి. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య అతుకులు తెలియకుండా కప్పేది అదే.