నెట్టు లేస్తే నెట్టు పడిపోతది

వేదిక మీది పెద్దలకు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులకు, కోల్డ్ స్టోరేజీల యజమానులకు నమస్కారం. నాకు కేటాయించిన ఇరవై నిమిషాల్లో ఎనిమిది శాలువాలకే పోయాయి కనుక, వ్యాపారానికి వైఫై ఏర్పాటు అనే విషయాన్ని నేను చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట, పాత సరుకు వెళ్లిపోయి కొత్త మిర్చి ఇంకా రాని డిసెంబరు చివర, ఈ ఊరి శివారులోని ఒక కోల్డ్ స్టోరేజీలో ప్రతి ఛాంబరూ నడిచి సిగ్నల్ కొలిచాను. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలం. మైనస్ 67 డీబీఎం ఉంటే పని సాఫీగా సాగిపోయే చోట నాకు ప్రతి మూలా మైనస్ 55 కనిపించింది. మూడు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ పంచే పెట్టెలు, గోడలకు బిగించి, బిల్లు వసూలు చేసుకొని వచ్చేశాను. మార్చిలో పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే ఒకదానిపై ఒకటి పేర్చిన బస్తాల నెట్లు నా యాక్సెస్ పాయింట్లను దాటి పైకప్పు దాకా లేచి ఉన్నాయి. లాటు నంబరు ఎక్కించడానికి గుమస్తా మాటిమాటికీ ఇనుప తలుపు దాటి వరండాలోకి వస్తుంటే, హమాలీలు వీపున బస్తాతో అలాగే నిలబడుతున్నారు. చివరికి అతడు విసిగి, నంబర్లను సుద్దముక్కతో తలుపు మీదే రాయడం మొదలుపెట్టాడు. హమాలీల్లో పెద్దాయన ఒకరు నన్ను చూసి, "సారూ, మా నెట్టు లేస్తే మీ నెట్టు పడిపోతది" అన్నారు.

పవరు పెంచమని యజమాని అడిగారు, నేనూ పెంచాను, ఫలితం లేకపోయింది. గోడ మీది పెట్టె ఎంత గట్టిగా అరిచినా, గుమస్తా చేతిలోని చిన్న పరికరం గొంతు అంతే గనుక దాని జవాబు బస్తాలను దాటి వెనక్కి రాదు. చివరికి నా ఖర్చుతోనే పెట్టెలను గోడల నుంచి తీసి, నెట్ల నడుమ దారుల పైన, దారి పొడవునా చూసే యాంటెన్నాలతో వేలాడదీశాను.

ఇప్పుడు దయచేసి మీ ఫోన్లు తీసి, వైఫై జాబితాలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. మన దేశంలో వైఫై నడిచే రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌ను 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేరను 2018లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఎవరైనా వాడవచ్చు కాబట్టి ఇది నాది అనే హక్కు ఎవరికీ లేదు. 2.4లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. మార్కెట్లో జెండా పాట వేలంలో ఇద్దరు ఒకేసారి ధర పలికితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు; వైఫైలోనూ ఒక చానల్‌పై ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావారు ఆగవలసిందే. 5లో చోటెక్కువ, కానీ అడ్డంకుల ముందు అది త్వరగా నీరసిస్తుంది. అందువల్ల పెట్టెలు దగ్గర దగ్గరగా, తక్కువ పవరుతో పెట్టాలి.

ఇక నా ఫిర్యాదు. పెట్టె కొనేటప్పుడు ముగ్గురు వచ్చి బేరమాడతారు, తర్వాత దాని బాధ్యత ఎవరిదని అడిగితే ముగ్గురూ పైకప్పు చూస్తారు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటరాదని చెప్పినా మరో ముక్క అతికిస్తారు, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌ను యూపీఎస్‌కు కలపరు, సీసీ కెమెరాలనూ బిల్లింగునూ ఒకే నెట్‌వర్క్‌పై నడుపుతారు, పని మానేసిన గుమస్తాకు తెలిసిన పాస్‌వర్డే ఇంకా నడుస్తుంటుంది. ఒక్క నోటుపుస్తకం పెట్టండి. ఏ పెట్టె ఎక్కడుందో, ఏ చానల్‌పై ఉందో, ఎప్పుడు అప్‌డేట్ చేశారో, ఏ తేదీన ఏ ఛాంబరులో సిగ్నల్ పోయిందో అందులో రాయించండి.

టీ వేళలో నన్ను కలవదలచినవారు గోదాము కొలతలతో పాటు, మార్చిలో నెట్టు ఎన్ని బస్తాల ఎత్తు వేస్తారో కూడా చెప్పండి. ఆ లెక్క మీ హమాలీ మేస్త్రీకి తెలుసు. ముందు ఆయనకు ఫోన్ చేసి రండి.