మోకాలు నొప్పని కూర్చుండిపోకండి

శ్రోతలందరికీ నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్ళే. కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వాళ్ళు చెప్పే మాట ఒకటుంది, "అమ్మా, ఎక్స్‌రే తీశారు, గుజ్జు అరిగిపోయిందట, అందుకని నడవడం మానేశాను" అని. గుజ్జు అరిగిన సంగతి నిజమే కావచ్చు. నా గొడవంతా ఆ నడక మానేయడంతోనే. మంచి ఉద్దేశంతోనే మానేస్తారు, ఉన్న కాస్త గుజ్జయినా మిగులుతుందని. కానీ కీలు లోపల జరిగేది దీనికి సరిగ్గా ఎదురు.

మోకాలినే తీసుకుందాం. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస, ముందువైపు చిప్ప, ఈ మూడూ కలిసే చోటది. ఎముక ఎముకతో రాసుకోకుండా ఆ కొసల మీద తెల్లగా, నున్నగా, కొద్ది మిల్లీమీటర్ల మందాన ఒక పొర ఉంటుంది, మనం గుజ్జు అనేది దాన్నే. కీలు మొత్తాన్నీ చుట్టి ఒక సంచి ఉంటుంది, ఆ సంచి లోపలి గోడ నుంచి జిగట ద్రవం ఊరుతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం ఒక చిన్న చెంచా కూడా నిండదు, అయినా రోజూ వేల అడుగులు వేయిస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ గుజ్జుకి రక్తనాళాలు లేవు. ఒంట్లో దాదాపు ప్రతి భాగానికీ రక్తమే తిండి మోసుకొస్తుంది, దీనికి మాత్రం ఆ దారి లేదు. మరి ఎలా బతుకుతోంది అంటే, మనం అడుగు వేసినప్పుడు బరువు పడి, స్పాంజిని పిండినట్టు, దానిలోని నీరు బయటికి వస్తుంది, కాలు ఎత్తగానే చుట్టూ ఉన్న ద్రవాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది, ఆ ద్రవంతో పాటే ఆక్సిజన్, గ్లూకోజు లోపలికి వెళ్తాయి. అంటే కదలికే దానికి భోజనం. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడినవాళ్ళ మోకాళ్ళకు ఎంఆర్‌ఐ తీసి చూస్తే, నెలలు గడిచేకొద్దీ గుజ్జు పలచబడుతూ వచ్చింది. ఆ మోకాళ్ళ మీద ఎవరూ నడవలేదు, మెట్లెక్కలేదు. వాడకపోయినా తరిగింది, వాడకపోవడం వల్లే తరిగింది.

గుజ్జులో నరాలు కూడా లేవు. కాబట్టి నొప్పి పుట్టేది గుజ్జులో కాదు, దాని కింద ఉన్న ఎముకలో, చుట్టూ ఉన్న సంచిలో, కండల్లో, వాటిని పట్టి ఉంచే పట్టీల్లో. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించే మనిషి హాయిగా గుడి మెట్లు ఎక్కుతుంటే, కొంచెమే అరిగిన మనిషి రాత్రంతా నిద్రపోకపోవడానికి కారణం ఇదే. ఎక్స్‌రే చూసి భయపడకండి, అది మీ నొప్పిని ఫొటో తీయలేదు.

ఇంత చెప్పినా కొందరికి అనుమానం ఉంటుంది, ఎక్కువ వాడితే అరగదా అని. 2017లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు ఏం తేలిందంటే, ఆరోగ్యం కోసమో సరదాకో పరుగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందిలో ఉంటే, పరుగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందిలో ఉంది. పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్ళలో మాత్రం 13 శాతం దాటింది. కీళ్ళు బాగున్నవాళ్ళే పరుగెత్తుతారు కదా అని మీరు అడగొచ్చు, అందులోనూ నిజం లేకపోలేదు, అయినా మామూలు పరుగు మోకాళ్ళను తినేస్తుందన్న మాట మాత్రం నిలబడదు.

అయితే ఈ మాట అందరికీ ఒకేలా వర్తించదు. పొద్దున్నుంచీ నడుం వంచి వరినాట్లు వేసేవాళ్ళకి, పత్తి ఏరేవాళ్ళకి, రోజంతా గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్ళకి, ఇటుకలూ బస్తాలూ మోసేవాళ్ళకి నేను వెళ్ళి "కదలండి" అని చెబితే అది అన్యాయం. ఏళ్ళ తరబడి మోకాళ్ళు పూర్తిగా మడిచి బరువు పనులు చేసినవాళ్ళలో అరుగుదల ఎక్కువే. వాళ్ళకి కావాల్సింది మధ్యమధ్య విశ్రాంతి, పని మార్చుకునే వీలు. అది ఇచ్చే యజమానులు ఎంతమంది ఉన్నారన్నది వేరే సంగతి.

మిగతావాళ్ళ సంగతికి వస్తే, మోకాలిని కాపాడేది ముఖ్యంగా తొడ ముందుభాగం కండ. నొప్పి అని కూర్చుంటే ముందు సన్నబడేది ఆ కండే. అది సన్నబడితే అడుగు అడుగుకీ పడే అదురు నేరుగా కీలుకి చేరుతుంది, నొప్పి పెరుగుతుంది, ఇంకా ఎక్కువ కూర్చుంటాం. కుర్చీలో కూర్చుని వింటున్నవాళ్ళు ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. వీపు ఆనించి కూర్చుని, ఒక కాలు ముందుకి తిన్నగా చాపి, పాదం వేళ్ళు మీ వైపుకి లాక్కోండి. తొడ మీద చెయ్యి వేస్తే కండ గట్టిపడటం తెలుస్తుంది. అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్నాళ్ళకి అది తేలికైపోయాక, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టండి. చేసేటప్పుడు కాస్త నొప్పిగా ఉన్నా, మర్నాటికి సర్దుకుంటే భయం లేదు. మర్నాడు మోకాలు వాస్తే మాత్రం సంఖ్య తగ్గించండి, అంతేగానీ మానేయకండి.

బరువు మాట కూడా చెప్పాలి. చదునైన నేల మీద నడుస్తున్నప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు, మెట్ల మీద ఇంకా ఎక్కువ. ఒక్క కిలో తగ్గితే అడుగుకి సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. ఇరవై కిలోలు తగ్గాలని దిగులుపడి అసలు మొదలుపెట్టనివాళ్ళకి ఈ లెక్క చెబుతుంటాను, మూడు కిలోలు తగ్గినా మోకాలికి తెలుస్తుంది. ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్ళు బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవడం, కింద కూర్చుని కూరలు తరగడం తగ్గించుకుని బల్ల మీదికి మారితే మంచిది.

మెటికలు విరుచుకుంటే కీళ్ళు అరిగిపోతాయా అని చాలామంది అడుగుతారు. అరగవు. ఆ చప్పుడు కీలులోని ద్రవంలో గాలి బుడగ వల్ల వచ్చేది. అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టరు అరవై ఏళ్ళకు పైగా ఒక్క ఎడమచేతి మెటికలే విరుచుకుంటూ, కుడిచేతిని వదిలేసి, చివరికి రెండు చేతులూ పోల్చి చూసుకున్నారు, ఏ చేతిలోనూ కీళ్ళ జబ్బు లేదు. పిల్లలకి దిష్టి తీసి మెటికలు విరిచే అమ్మమ్మలు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక ఎముకల దగ్గరికి వద్దాం. ఎముకంటే గట్టిగా, చచ్చుగా ఒంట్లో నిలబడి ఉండే వస్తువని మన ఊహ. ఒకరకం కణాలు పాత ఎముకని కరిగిస్తుంటే, ఇంకోరకం కణాలు కొత్తది కడుతుంటాయి, పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇలా మారిపోతూ ఉంటుంది. ఎక్కడ బరువు పడితే అక్కడ గట్టిగా కడుతుంది. ఈ మాట 1892లోనే జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ రాశారు. ఏళ్ళ తరబడి టెన్నిస్ ఆడినవాళ్ళలో బ్యాట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే లావుగా ఉంటుంది. అంతరిక్షంలో ఒంటికి బరువే తెలియదు కాబట్టి అక్కడ ఉండేవాళ్ళు నెలకి 1 శాతానికి పైగా ఎముక సాంద్రత పోగొట్టుకుంటారు, అదీ తుంటి, నడుము దగ్గరే ఎక్కువ. అందుకే అక్కడ రోజూ దాదాపు రెండు గంటలు కసరత్తు చేయిస్తారు.

ఎముక ఎప్పుడూ మారుతూ ఉంటుందనడానికి మనవాళ్ళు పడ్డ కష్టమే పెద్ద సాక్ష్యం. ఫ్లోరైడ్ నీళ్ళు. తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. నీళ్ళతో వచ్చిన ఫ్లోరైడ్, కొత్తగా కట్టే ఎముకలోకి చేరి కూర్చుంటుంది. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి వంగిపోయిన మనుషుల గురించి వైద్యులు రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లోరైడ్ నీళ్ళున్న పల్లెల్లో, మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లల సంగతి లోకానికి తెలియజేశారు. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు, ఊళ్ళో దొరికిన నీళ్ళు తాగారు, అంతే. మీ ఊళ్ళో శుద్ధి చేసిన నదీజలాలు కుళాయిలో వస్తున్నా ఇంకా పాత బోరు నీళ్ళే రుచిగా ఉన్నాయని తాగేవాళ్ళుంటే, దయచేసి పరీక్ష చేయించి తాగండి.

తిండి విషయానికి వస్తే, పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి 1200. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో దాని ముందు లెక్కలోకే రాదు. రాగి సంకటి తినే రాయలసీమ వాళ్ళకి ఇది నేను చెప్పనక్కర్లేదు. పొట్టుతో ఉన్న నువ్వుల్లో ఇంకా ఎక్కువ, మునగాకు, తోటకూర, పెరుగు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు అన్నీ మంచివే. అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఇంత ఎండ కాసే చోట డి తక్కువేమిటి అని నవ్వుతారు గానీ, తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పట్నంవాళ్ళలోనే కాదు, పల్లెవాళ్ళలో కూడా డి లోపం కనిపించింది, తిండిలో కాల్షియమూ తక్కువే ఉంది. లేత ఎండ మంచిదని పొద్దున్నే ఆరుకో ఏడుకో నిలబడితే పెద్ద ఉపయోగం లేదు. పదకొండు, రెండు గంటల మధ్య ఎండలో చేతులూ కాళ్ళూ కాసేపు తగలనిస్తేనే చర్మం డి తయారు చేస్తుంది, వేసవిలో మాత్రం వడదెబ్బ తగలకుండా చూసుకోండి. ఇంకో హెచ్చరిక. మందుల షాపులో దొరికే 60 వేల యూనిట్ల డి సాచెట్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున రాసేవి. పొరపాటున రోజూ వేసుకుంటే కాల్షియం పెరిగిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఊళ్ళో "ఒక్క ఇంజెక్షన్‌తో లేచి నడిపిస్తా" అనేవాళ్ళ దగ్గరా, ఏమేం కలిపారో తెలియని పొడులిచ్చేవాళ్ళ దగ్గరా జాగ్రత్త. మాయమంత్రంలా నొప్పి పోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాల్సిందే. అది నెలల తరబడి ఒంట్లోకి వెళ్తే ఎముకలు గుల్లబారతాయి. ఒకే కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి గంట దాకా పట్టు వదలకపోతే అది వయసుతో వచ్చే అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతమేమో చూపించుకోవాలి. ఆ జబ్బుకి తొందరగా మందులు మొదలుపెడితే వేళ్ళు వంకర్లు పోకుండా చాలావరకు ఆపగలుగుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు బాత్రూంలో జారిపడి తుంటి దగ్గర నొప్పితో లేవలేకపోతే, పుత్తూరు కట్టు మీద మీకు ఎంత నమ్మకం ఉన్నా, ముందు ఎక్స్‌రేకి తీసుకెళ్ళండి. తుంటి ఎముక విరిగితే చాలామందికి ఆపరేషనే దారి, రోజులు గడిచి మంచాన పడితే న్యుమోనియా, పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డలు కట్టడం, ఇవే ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడే విషయం. ఆడవాళ్ళ ఎముకల్ని కాపాడేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. నెలసరి ఆగిపోయాక అది పడిపోతుంది, ఆ తర్వాత అయిదారేళ్ళలోనే ఎముక చాలా వేగంగా తరిగిపోతుంది. మామూలుగానైతే ఇది నలభై అయిదు దాటాక వచ్చే సంగతి. మన దగ్గర ముప్పై, ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందనీ, రక్తస్రావం ఎక్కువనీ, ఉంచితే క్యాన్సర్ వస్తుందనీ భయపెడితే, కూలి పోతుందన్న టెన్షన్‌లో ఒప్పేసుకుంటారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. నలభైల్లోనే ఒళ్ళంతా నొప్పులనీ, నడుం పట్టేసిందనీ వచ్చే వాళ్ళని నేను మొదట అడిగేది ఈ ఆపరేషన్ గురించే.

ఎవరైనా మీకు ఆ ఆపరేషన్ చేయించుకోమని చెబితే రెండు ప్రశ్నలు అడగండి: మందులతో తగ్గే దారి లేదా, తీస్తే అండాశయాలు ఉంచుతారా? ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి. ఇప్పటికే చిన్న వయసులో అయిపోయినవాళ్ళు డెక్సా స్కాన్ చేయించుకోండి, తుంటి, నడుము ఎముకల సాంద్రత చెబుతుంది, సూది గుచ్చేది లేదు, కొద్ది నిమిషాల పని. పలచబడిందని తేలితే దానికి మందులున్నాయి, డాక్టరు చూసి రాస్తారు. స్కాన్ కాగితం తీసుకుని నా లాంటి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వస్తే, మీ ఎముకలకి ఎంత బరువు, ఏ వ్యాయామం సరిపోతుందో చూసి నేర్పిస్తాం.

ఉంటాను మరి, నమస్కారం.