పికప్ ఉన్న పాత కారుకు ధర ఎందుకు రాదు?

(ఒంగోలులో మోటారు మెకానిక్కులు, విడిభాగాల వ్యాపారుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లూ పదవులూ నా ముందు మాట్లాడిన ముగ్గురూ చదివారు. నాలుగోసారి నేను చదివితే వాళ్ళకే విసుగు పుడుతుంది. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది శాలువాకు బదులు ఒక టార్క్ రెంచ్ ఇప్పించండి, షెడ్డులో పిల్లలు మీ పేరు చెప్పుకుంటారు.

నాకు ఇచ్చిన అంశం పాత కార్ల వ్యాపారంలో మెలకువలు. వ్యాపారం తెలిసినవాళ్ళు నా తరువాత ఇద్దరున్నారు, మెలకువలు వాళ్ళు చెబుతారు. నేను ఒక్క రకం కారు గురించే మాట్లాడతాను. మైలేజీ చూసి కాకుండా పికప్, అంటే తొక్కగానే దూసుకుపోయే వేగం, చూసి కొన్న కారు. కొత్తలో ట్రంకు రోడ్డు మీద పోతుంటే జనం మెడ తిప్పి చూసిన కారు. పదిహేనేళ్ళు గడిచేసరికి దాన్ని, అదే ఏడాది కొన్న చిన్న మారుతి కంటే తక్కువకు అడుగుతున్నారు. కొన్నప్పుడు దాని ఖరీదు మారుతికి రెట్టింపు. ఎందుకిలా?

మైలేజీ అంటారు మీరు. నాకు తెలుసు, ఆ వెనక వరుసలో అప్పుడే అనేశారు. సరే, లెక్క వేద్దాం. ఇలాంటి కారును ఎవరూ రోజూ తిప్పరు. ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు 10 ఇస్తే 500 లీటర్లు పడుతుంది, 18 ఇచ్చే చిన్న కారుకు 278. తేడా 222 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా ఏడాదికి పాతిక వేలు దాటదు. పాతిక వేల కోసం కారు ధర లక్షల్లో పడిపోతుందా? మైలేజీ అనేది బేరం తగ్గించడానికి కొనేవాడు చెప్పే మాట. అసలు భయం వేరే ఉంది, దాన్ని పైకి చెప్పడు.

కాగితాల సంగతి ముందు చూద్దాం, త్వరగా ముగించేస్తాను. బీమాలో కారు విలువ కట్టే పట్టిక మీ అందరికీ తెలిసిందే. ఏడాది దాటితే 20 శాతం కోత, నాలుగేళ్ళు దాటితే 50 శాతం, ఐదేళ్ళు దాటాక కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ పట్టికకు పికప్ తెలియదు, పుట్టిన తేదీ ఒక్కటే తెలుసు. మన కారు వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఇంజను సైజు చూస్తుంది. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. అంటే పదహారు వందల సీసీ ఇంజను ఉన్న పాపానికి రెట్టింపు పైన కట్టాలి. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగింపు. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పైగా పాత కారుకు బ్యాంకులు అప్పివ్వడానికి వెనుకాడతాయి. మొత్తం రొక్కంగా పెట్టాలి. అంత రొక్కం చేతిలో ఉన్నవాడు కొత్త కారుకు మొదటి కంతు కట్టి, మిగతాది వాయిదాల మీద తెచ్చుకుంటాడు.

ఇంకొకటి, వేగం చౌకైపోయింది. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ మన దేశానికి వచ్చినప్పుడు 1.8 లీటర్ల టర్బో ఇంజను (గాలిని ఒత్తి పంపి బలం పెంచేది), సుమారు 150 హార్స్ పవర్ అంటే నోళ్ళు తెరుచుకుని విన్నాం. ఈనాడు మన పెనుకొండలో తయారయ్యే సెల్టోస్‌లో లీటరున్నర టర్బో ఇంజను 160 ఇస్తోంది. పిల్లల్ని బడిలో దింపి కూరగాయలు తెచ్చుకునే కారు అది! ఆనాడు దేనికోసం డబ్బు పోశారో ఆ గొప్ప ఇప్పుడు మామూలైపోయింది. మిగిలినవి ఖర్చులు. అవి మాత్రం గొప్ప కారు ఖర్చులుగానే ఉన్నాయి.

ఈ వరుసలో ఉన్న ఒంగోలు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. బండలాగుడు పోటీల్లో ఎద్దులకు వయసును బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెడతారు. గెలిచే జతకు లక్షల్లో బేరం. పోటీ వయసు దాటిన తరువాత సేద్యానికి కొనే రైతు ఆ జత దగ్గరికి రాడు. ఒళ్ళు తగ్గినా మేత తగ్గదు. ఉలవలు నానబెట్టాలి, దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ ఖర్చు ఊహించుకునే కొట్టం గడప తొక్కడు. పాత టర్బో కారు దగ్గర నిలబడ్డవాడి లెక్క కూడా అదే. వాడు కొంటున్నది రాబోయే పదేళ్ళ రిపేరు బిల్లుల్ని.

మన జిల్లా సంగతి మాత్రమే కాదు ఇది. బీఎండబ్ల్యూ 2005లో తెచ్చిన ఎం5లో ఐదు లీటర్ల పది సిలిండర్ల ఇంజను, 507 హార్స్ పవర్. దాంట్లో ఇంజను లోపలి కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరుగుతాయని పేరు పడింది. ఈనాడు దాన్ని కొనబోయేవాడు బాగా పోతుందా అని అడగడు, బేరింగులు మార్చారా, బిల్లు ఉందా అని అడుగుతాడు. బిల్లు లేకపోతే ఆ ఖర్చంతా ధరలోంచి కోసేస్తాడు. కోయడా మరి?

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు ఉదాహరణగా ఒక వ్యాసం రాశారు. 2001లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. నోబెల్ దాకా పోయిన వ్యాపారం మనది, కాస్త నిటారుగా కూర్చోండి. ఆయన చెప్పింది మన ఆటోనగర్లలో రోజూ జరిగేదే. కారులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి ప్రతి కారునూ చెడ్డ కారు అనుకునే ధర చెబుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. దాంతో బజారులోకి వచ్చేవి ఎక్కువగా చెడ్డవే అవుతాయి, ధర ఇంకా దిగుతుంది. పికప్ ఉన్న కారుకు ఈ అనుమానం రెండింతలు. దాన్ని ఎలా తొక్కారో ఎవరికి తెలుసు? కంప్యూటర్‌లో ఎవరు వేలు పెట్టారో, మీటరు ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నేను చూడటం లేదు.

చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ ఉన్న పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చేవారు. జాతీయ రహదారి నాలుగు వరుసలైన కొత్తలో ఒక విదేశీ కంపెనీ టర్బో సెడాన్ కొన్నారు. ఆ కంపెనీ పేరు చెప్పను, మీరు అడిగినా చెప్పను. చెన్నై పని ఉంటే తెల్లవారకుండా బయలుదేరి, మధ్యాహ్నానికి పని ముగించుకుని, పొద్దు వాలకముందే ఇంటికొచ్చేవారు. (మన రహదారి మీద కొరిశపాడు దగ్గర 2022 డిసెంబరులో వాయుసేన విమానాలతో ప్రయోగం చేశారు కదా, ఆయన ఉండి ఉంటే ఆ వార్త చూసి మురిసిపోయేవారు.) సర్వీసు ఏనాడూ తప్పించలేదు. ప్రతి బిల్లూ ఒక ఫైలులో గుచ్చేవారు. పెట్రోలు బిల్లులు కూడా!

ఆ కారును పడుకోబెట్టింది ఏమిటో తెలుసా? ఒక ప్లాస్టిక్ ముక్క. కూలెంట్ (ఇంజనును చల్లార్చే నీరు) గొట్టం వచ్చి ఇంజనుకు తగిలే చోట ఉండే మూతి, అరచేతిలో పడుతుంది. వేడికి ఆరిపోయి, పెళుసెక్కి, చీలింది. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళాం. అది విడిగా ఇవ్వరట, థర్మోస్టాట్ హౌసింగుతో కలిపి మొత్తం సెట్టు కొనాలట. సరే కొంటాం అన్నాం. సెట్టు స్టాకులో లేదట, బయటి దేశం నుంచి రావాలట. ఎప్పుడొస్తుంది? చెప్పలేం సార్. రెండోసారి వెళితే ఆ మోడల్ ఆపేశారు కదా సార్ అన్నారు. మూడోసారి వెళ్ళేసరికి సర్వీసు సెంటరే లేదు, ఆ చోట బట్టల దుకాణం తెరిచారు! నాకు ఆనాటి కోపం ఇంకా తగ్గలేదు, మన్నించండి. పది లక్షలు పోసి కొన్నవాడికి ప్లాస్టిక్ ముక్క అమ్మలేరా? ఇస్తే ఎంత అవుతుంది? ఇక్కడున్న విడిభాగాల వ్యాపారుల్ని అడుగుతున్నాను, ఎంత అవుతుంది?

ఈలోగా ఇంట్లోవాళ్ళు చీలిక మీద ఏదో జిగురు పూసి నెల్లూరు పెళ్ళికి తీసుకెళ్ళారు. కావలి దాటకముందే బానెట్ కింద ఆవిరి. టెంపరేచర్ ముల్లు ఎవరూ చూసుకోలేదు. ఇంజను పై భాగమైన హెడ్ వంకర తిరిగింది, దాని కింద ఉండే గ్యాస్కెట్ పోయింది. చెన్నైలో పాత విడిభాగాల బజారు పుదుపేటలో వెతికి హెడ్ తేవచ్చు, తెచ్చి బిగించినా మూతి లేదు కదా! బ్రోకరు వచ్చి తుక్కు రేటు చెప్పాడు. పెద్దాయన నన్ను పిలిచి, "నాయనా, వీడు నా కారును కేజీల్లో అడుగుతున్నాడు" అన్నారు. ఆ గొంతు నాకు గుర్తుంది.

ఆ మూతిని చివరికి ఎవరు చేశారు? మన లేత్ వర్కర్లు చేశారు. పగిలిన ముక్కను అతికించి, కొలతలు తీసుకుని, అల్యూమినియం దిమ్మెలో తొలిచి ఇచ్చారు. ఆ తరువాత ఎండాకాలాలు గడిచాయి, ఒక్క చుక్క కారలేదు. పెద్దాయన పోయాక వాళ్ళ అబ్బాయి కారు అమ్మకానికి పెడితే కోయంబత్తూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. బానెట్ ఎత్తలేదు. ముందు ఫైలు అడిగాడు. నేల మీద కూర్చుని బిల్లులన్నీ చదివాడు. తరువాత ఆ అల్యూమినియం మూతి చూసి, ఇలాంటిది ఇంకొకటి చేయించి ఇస్తారా, నా స్నేహితుడికి కావాలి అన్నాడు. బ్రోకరు చెప్పిన దానికి రెట్టింపు పైన ఇచ్చి తోలుకుపోయాడు. కారు అదే, ఇంజనూ అదే. మరి ఆ పెరిగిన ధర ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ గొడవ నా ఒక్కడిదే అనుకోకండి. ఒక కారు యజమాని ఫిర్యాదుతో మొదలైన కేసులో వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ మనలాంటి బయటి షెడ్లకు అందకుండా చేస్తున్నారన్నదే అభియోగం. కంపెనీలు కోర్టులకు వెళ్ళాయి, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలను కూడా చేర్చారు. మంచిదే. పోర్టల్‌లో ఫోన్ నంబర్లు దొరుకుతాయి, మూతి దొరకదు.

కంపెనీలు వెళ్ళిపోతూనే ఉంటాయి. 2017 చివరికి షెవర్లే అమ్మకాలు ఆగాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక ఫియట్ కార్లు షోరూముల్లో లేవు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మర్నాటికల్లా ఆ కార్ల బేరం దిగిపోతుంది. రాత్రికి రాత్రి ఇంజను అరిగిపోయిందా? లేదు. ఇక దీన్ని ఎవరు చూస్తారనే భయం పుట్టింది, అంతే.

ఎవరైనా చూస్తారన్న నమ్మకం ఉంటే ధర ఎటు పోతుందో యమహా ఆర్ఎక్స్ 100ను చూడండి. 1996లో తయారీ ఆగింది. అయినా కళ్ళు మూసుకుని దాని ఇంజను విప్పగలవాళ్ళు ఈ హాలులోనే ఉన్నారు, అందుకే బాగున్న బండికి కొత్తప్పటి ధరకు ఎన్నో రెట్లు అడుగుతున్నారు. రాజ్‌దూత్ 350 కథ ఇంకా విచిత్రం. 1983లో వచ్చినప్పుడు పెట్రోలు తాగుతుందని జనం దూరం పెట్టారు. ఇప్పుడు దాని కోసం వెతుకుతూ ఊళ్ళు తిరుగుతున్నారు. అన్ని కార్లకూ ఆ యోగం పడుతుందని నేను చెప్పను. చాలా వాటికి పట్టదు. పెట్టుబడి అనుకుని పాత స్పోర్ట్స్ కారు కొనే తమ్ముళ్ళుంటే, ఆ డబ్బు పొగాకు తోటలో పెట్టుకోండి, వేలం కేంద్రంలో ధర పడిపోయినా బేళ్ళు మీ దగ్గర మిగులుతాయి.

నేను అడగదలచింది ఇది. తుక్కుకు పోయే ప్రతి కారులోంచీ సెన్సర్లు, ఈసీయూ (ఇంజను కంప్యూటర్), టర్బో, ప్లాస్టిక్ మూతులు విప్పి, మోడల్ పేరూ ఏడాదీ రాసి, విడిగా పెట్టండి. లోపం కనిపెట్టే పాత స్కానర్లు పారేయకండి. కొత్త స్కానర్లలో చాలావాటికి ఆ పాత కార్ల భాష రాదు. లేత్ మీద ఏ భాగం చేసినా కొలతల కాగితం దాచండి. ఎవరి షెడ్డులో ఏముందో తెలియక మనమే పుదుపేటకు బస్సెక్కుతున్నాం, ఆ వస్తువు కొత్తపట్నం బస్టాండు పక్క షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది. వ్యాపారులూ, మీకు కూడా చెబుతున్నాను: కారు అమ్మేటప్పుడు బిల్లుల ఫైలు చింపేసి పారేసే అలవాటు మానండి. అది పాత యజమాని పేరు బయటపడుతుందని చింపుతారు, నాకు తెలుసు. పేరు మీద నల్లగా గీసేసి మిగతాది ఉంచండి.

బయట మెట్ల పక్కన బల్ల మీద ఒక లెడ్జరు పెట్టించాను. మొదటి పేజీ నా షెడ్డుది, నా దగ్గరున్న సామాను రాశాను. ఆ మూతి కొలతలు కూడా అందులో ఉన్నాయి, ఎవరైనా రాసుకోవచ్చు, డబ్బు అడగను. వెళ్ళేటప్పుడు మీ షెడ్డు పేరు, ఫోను నంబరు, మీ దగ్గరున్న సామాను రాసి వెళ్ళండి. పెన్నును దారంతో కట్టించాను, దయచేసి తెంపకండి.